జేబులోని నిప్పు : ‘వేప్’ బ్యాటరీల విషయమున తెలిసికొనవలసినవి

గత మాసమున ఒక పాఠకురాలు వ్రాసిన ఉత్తరము నాకు అందినది. ఆమె కుమారుడు ఇంగ్లండులో పై చదువు చదువుచున్నాడు. అక్కడ సిగరెట్టు మాని, విద్యుత్తుతో ఆవిరి పుట్టించు ‘వేప్’ అను పరికరమునకు అలవాటు పడినాడట. “అలవాటు మాన్పించు ఉపాయము తరువాత చెప్పుదురుగాక, ఆ పరికరములోని బ్యాటరీలు పేలుచున్నవని విని నాకు నిద్ర పట్టుట లేదు. ఎట్టివి కొనుమని వానికి చెప్పవలెను?” అని ఆ తల్లి ప్రశ్న.

ఆయుర్వేద వైద్యునకు బ్యాటరీలతో ఏమి పని అని పాఠకులు నవ్వవచ్చును. నిజమే, ఈ విద్య నాది కాదు. విద్యుత్ ఇంజనీరుగా పనిచేయుచున్న మా తమ్ముని కుమారుని కూర్చుండబెట్టి రెండు పూటలు ప్రశ్నించి నేర్చుకొంటిని. అయితే కాలిన తొడకు కట్టు కట్టు పని మాత్రము నాకు తెలిసినదే. ఆ సంగతి ముందుగా చెప్పెదను.

కొన్నేండ్ల క్రితము ఒక యువకుని అతని అన్నగారు ఆటోలో నా వద్దకు తీసికొని వచ్చినారు. టార్చిలైటులో వేయు రీచార్జి సెల్లును అతడు తాళపుచెవులు, చిల్లర నాణెములు ఉన్న ప్యాంటు జేబులోనే వేసికొన్నాడు. నడుచుచుండగా జేబు భగ్గుమన్నది. ఇంటివారు టూత్‌పేస్టు పూసినారు. ఇనుప నాణెము ఆకారము తొడపై అచ్చువలె పడి ఉన్నది. కాలిన పుండ్లకు మా గురువుగారు నేర్పిన ఘృతము నా అలమరలో ఉన్నది, కాని పూయలేదు. నీటితో కడిగి కాలిన గాయముల వార్డునకు పంపితిని. అట్టి గాయమున వేడియే కాక, సెల్లు లోపలి రసాయనములును చర్మమును తినివేయును.

ఇట్లు జరుగుటకు కారణము సులభము. ఆ సెల్లు లోహపు డబ్బా అంతయు ఋణ ధ్రువమే. ధన ధ్రువము పైనున్న చిన్న బొడిపె మాత్రమే. రెంటికిని నడుమ పలుచని ప్లాస్టిక్ తొడుగు, ఒక కాగితపు వలయము తప్ప అడ్డు లేదు. తాళపుచెవి రెంటిని తాకినచో లోపలి శక్తి అంతయు ఒక్కసారిగా వెలువడును. అమెరికా అగ్నిమాపక విభాగము 2009 నుండి 2016 వరకు ఈ-సిగరెట్ల వలన కలిగిన 195 ప్రమాదములను లెక్కించగా, 61 ప్రమాదములు పరికరమో, విడి బ్యాటరీయో జేబులో ఉండగా జరిగినవే.

ఇక ఎంపిక సంగతి. వేప్‌లలో తరచు వాడు సెల్లు పేరు 18650. అనగా 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గల గుండ్రని లిథియం-అయాన్ సెల్లు. దీనికి రెండు అంకెలు ముఖ్యము. “పెదనాన్నగారూ, కుండలో ఎన్ని నీళ్లు పట్టునన్నది ఒకటి, దాని మూతినుండి ఒక్క వంపున ఎన్ని నీళ్లు పోయవచ్చునన్నది మరొకటి” అని మావాడు చెప్పినాడు. మొదటిది మిల్లీ ఆంపియర్ అవర్లలోను, రెండవది ఆంపియర్లలోను చెప్పుదురు. కొనువారందరు మొదటి అంకెను చూచి మోసపోదురు. వేప్‌నకు కావలసినది రెండవది.

ఎందుకనగా, ఆవిరి పుట్టించు తీగచుట్టకు నిరోధము చాల తక్కువ. నిండుగా ఛార్జి అయిన సెల్లు 4.2 వోల్టులు, చుట్ట నిరోధము 0.25 ఓములైనచో నేరుగా 16.8 ఆంపియర్లు లాగును. శాంసంగ్ 25ఆర్ అను సెల్లు 2,500 మి.ఆం. అవర్లే అయినను 20 ఆంపియర్లు ఎడతెగక ఇయ్యగలదు. పానాసోనిక్ ఎన్‌సీఆర్ 18650బి సుమారు 3,400 గలది. ల్యాప్‌టాప్ వంటివానికి శ్రేష్ఠమే గాని, దాని మూతి ఇరుకు, ఏడు ఆంపియర్లకు లోపే. అది ఇక్కడ అపథ్యము. పాలు మంచివే, చేపలు మంచివే, కలిపి తినరాదు గదా!

వాట్లు నిర్ణయించుకొను పరికరములలో మరియొక చిక్కు. సెల్లు ఖాళీ అగుచున్న కొలది వోల్టేజి తగ్గును, ఆ లోటు పూడ్చుటకు పరికరము మరింత విద్యుత్తు లాగును. కనుక వాట్లను 3.2 వోల్టులతో భాగించి చూడవలెను. యాబది వాట్లకు ఒకే సెల్లు ఉన్నచో దాదాపు 15.6 ఆంపియర్లు. రెండు సెల్లులున్నచో భారము చెరిసగము. అయితే ఆ రెండును ఒకేసారి కొన్నవై, ఎల్లప్పుడు కలిసియే వాడి, కలిసియే ఛార్జి చేసినవై ఉండవలెను.

పైన ముద్రించిన 35, 40 ఆంపియర్ల అంకెలు తరచు కొన్ని క్షణములకే చెల్లునవి. ఎడతెగక ఇచ్చు అంకెనే నమ్మవలెను. 18650 పై 9,900 అని వ్రాసి ఉన్నచో అది పచ్చి అబద్ధము. 3,600 దాటుటయే అరుదు. నాణ్యమైన సెల్లు 45 గ్రాములకు అటునిటు తూగును, నకిలీది తేలిక. ఇంతకును ఒక మాట: శాంసంగ్, ఎల్‌జీ, సోనీ వంటి తయారీదారులే ఈ సెల్లులు విడిగా వినియోగదారులు వాడుటకు కావని హెచ్చరించినారు. 2021లో అమెరికా వినియోగదారుల భద్రతా సంఘమును అట్లే చెప్పినది. అందుచేత బ్యాటరీ లోపలే అమర్చిన, పేరున్న సంస్థ చేసిన పరికరమును, దాని ఛార్జరునే వాడుట మేలని నా అభిప్రాయము. ఇంగ్లండులో 2025 జూన్ 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు వేప్‌ల అమ్మకము నిషిద్ధమగుటచే, అచ్చటి యువకులకు ఈ ఎంపిక తప్పనిసరి అయినది.

విడి సెల్లులు వాడియే తీరుదునన్నచో ప్లాస్టిక్ పెట్టెలో ఉంచవలెను. తొడుగు చిరిగినదానిని, సొట్ట పడినదానిని వాడరాదు. దిండు క్రింద, రాత్రి నిద్రపోవునపుడు ఛార్జి పెట్టరాదు. ఒకవేళ ఒళ్లు కాలినచో బట్టలు తొలగించి (అంటుకొన్న బట్టను పీకరాదు) ఇరువది నిమిషములు పారు చల్లని నీటి క్రింద ఉంచి, ఆసుపత్రికి వెళ్లి బ్యాటరీ వలన కాలినదని వైద్యునకు చెప్పవలెను. పసుపు, నెయ్యి, తేనె, సిరా, టూత్‌పేస్టు వీనిలో ఏదియు వలదు. ఈ పత్రికలోనే చిట్కాలు వ్రాయు నేను ఈ మాట చెప్పుచున్నాను.

మూలికల వేప్ అని కొందరు అమ్మజూపుదురు, చరకుని ధూమపానమును సాక్ష్యముగా తెత్తురు. సూత్రస్థానము ఐదవ అధ్యాయమున చెప్పిన ధూమవర్తికి కాలనియమము, పాత్రాపాత్ర విచారణ కలవు; పగలంతయు పీల్చు వ్యసనము కాదది. మన దేశమున 2019 నాటి చట్టము నికోటిన్ ఉన్నను లేకున్నను ఈ-సిగరెట్ల అమ్మకమును, దిగుమతిని నిషేధించినది. మొదటి నేరమునకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును.

కావున అమ్మా, సెలవులకు వచ్చునపుడు ఆ పరికరమును అక్కడనే వదలి రమ్మని మీవానికి వ్రాయుడు. టార్చి మొదలగువాని విడి సెల్లులు తెచ్చినచో విమానములో పెద్ద పెట్టెలో వేయక, ఒక్కొక్కటి వేరుగా డబ్బాలో పెట్టి చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.