హెడ్‌సెట్ చిట్టాల సేకరణ

హెడ్‌సెట్ చిట్టాల సేకరణ అనగా తలకు ధరించే శ్రవణ, దృశ్య పరికరాలలో లోపం తలెత్తినపుడు, ఆ పరికరం గానీ దానితో జతకూడిన ఫోను లేదా కంప్యూటరు గానీ తమంతట తాము రాసుకున్న నమోదులను పోగుచేసి సాంకేతిక సహాయకులకు అందజేసే ప్రక్రియ. ఈ నమోదులనే లాగ్‌లు అని కూడా అంటారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, కాల్ సెంటర్లలో వాడే మైకు గల హెడ్‌సెట్లు, మెటా క్వెస్ట్ వంటి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు అన్నీ దీని పరిధిలోకి వస్తాయి. "మాట తెగిపోతోంది", "బొమ్మ ఆగిపోయింది" అని వాడుకరి చెప్పే మాటకు, లోపం నిజంగా ఎక్కడ ఉన్నదో తేల్చడానికి మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ దూరాన్ని తగ్గించే సాక్ష్యం చిట్టా. అయితే ఈ సాక్ష్యం ఎక్కువసేపు నిలిచి ఉండదు.

పేరు

లాగ్ అనే మాట నౌకాయానం నుండి వచ్చింది. ఓడ వేగాన్ని కొలవడానికి తాడు కట్టిన కొయ్యముక్కను నీటిలోకి విడిచేవారు. ఆ కొలతలు రాసే పుస్తకానికి కొయ్యముక్క పేరే స్థిరపడింది. కంప్యూటర్లలో ఈ పద్ధతికి ఒక ఒరవడి తెచ్చినది 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ కోసం రూపొందించిన సిస్‌లాగ్. దాని వాడుకను 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 వర్ణించగా, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 ప్రామాణికంగా నిర్దేశించింది.

తెలుగులో చిట్టా అన్న పదం దీనికి చక్కగా అతుకుతుంది. వర్తకులు ఏ రోజు లావాదేవీలు ఆ రోజే, జరిగిన వరుసలో రాసుకునే పుస్తకం చిట్టా. తరువాత తీరికగా ఖాతాలవారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. పరికరం రాసేది చిట్టా మాత్రమే. అందులో ముఖ్యమైనవీ అనవసరమైనవీ కలగలిసి ఉంటాయి. వాటినుండి ఆవర్జా తయారు చేయడం సహాయక నిపుణుని పని.

చిట్టా స్వరూపం

ఆండ్రాయిడ్ పరికరాలలో చిట్టా వ్యవస్థను లాగ్‌క్యాట్ అనే ఉపకరణం ద్వారా చూడవచ్చు. క్వెస్ట్, పికో హెడ్‌సెట్లు కూడా ఆండ్రాయిడ్ ఆధారితమైనవే. ప్రతి పంక్తిలో తేదీ, సమయం, రాసిన ప్రక్రియ సంఖ్య, తీవ్రతను సూచించే ఒక అక్షరం, రాసిన భాగం పేరు, ఆ తరువాత సందేశం ఉంటాయి. ప్రధాన, వ్యవస్థ, రేడియో, ఘటనలు, క్రాష్ అంటూ వేర్వేరు నిల్వలు ఉన్నాయి.

ఈ నిల్వలు చాలా చిన్నవి. చాలా పరికరాలలో ఒక్కొక్కటి 256 కిలోబైట్లు మాత్రమే. నిండిన వెంటనే పాత పంక్తులను చెరిపి వాటి స్థానంలో కొత్తవి రాస్తారు. పరికరం హడావుడిగా పనిచేస్తున్నపుడు కొద్ది నిమిషాల క్రితం జరిగిన సంగతి కూడా మిగలకపోవచ్చు. పైగా ఇవి తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి కనుక పరికరాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తే పోతాయి. ప్రోగ్రాము కూలిపోయినపుడు రాసే టూంబ్‌స్టోన్ దస్త్రాలు, కొన్ని పరికరాలలో కెర్నెల్ చివరి మాటలను దాచే పీస్టోర్ మాత్రం రీస్టార్టు తరువాత కూడా దొరుకుతాయి. "ఒకసారి ఆపి ఆన్ చేయండి" అన్నది సహాయ కేంద్రాలలో మొట్టమొదటి సలహా కావడం ఒక విచిత్రం. ఆ సలహా వలన లోపం తాత్కాలికంగా పోవచ్చు గానీ, దానితోపాటు దాని ఆనవాలు కూడా పోతుంది.

మన్ననూర్ దారి ఉదాహరణ

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూర్, హైదరాబాదు - శ్రీశైలం రహదారిపై నల్లమల అడవికి ముఖద్వారం. ఇక్కడి అటవీ తనిఖీ కేంద్రం దాటిన తరువాత దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా దోమలపెంట వైపు సాగుతుంది. అడవిలో సెల్ సంకేతాలు అందని చోట్లు చాలా ఉన్నాయి. బస్సులో కూర్చుని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో మాట్లాడుతున్న ఒక ప్రయాణికునికి మన్ననూర్ దాటాక మాట మూడుసార్లు తెగిపోయింది అనుకుందాం. అతనికి చెవిలో నిశ్శబ్దం ఒక్కటే తెలుస్తుంది. ఇయర్‌ఫోన్లు పాడయ్యాయని వారంటీ కింద మార్చమని అడుగుతాడు. దుకాణదారు అడవిలో సిగ్నల్ ఉండదని పంపేస్తాడు. ఇద్దరివీ ఊహలే.

చిట్టాలో ఈ రెండు కారణాలు వేర్వేరుగా కనిపిస్తాయి. మొదట సెల్ సంకేతం పోయి కాల్ ముగిసి ఉంటే ఆ సంగతి రేడియో నిల్వలో నమోదవుతుంది, బ్లూటూత్ బంధం చెక్కుచెదరకుండా ఉంటుంది. అలా కాక బ్లూటూత్ బంధమే తెగితే, ఫోనులోని బ్లూటూత్ చిట్టాలో తెగిన కారణం సంకేత సంఖ్యతో సహా ఉంటుంది. ఈ సంఖ్యలు బ్లూటూత్ ప్రమాణంలో నిర్దేశించినవి కనుక ఏ కంపెనీ పరికరానికైనా ఒకటే. 08 అంటే అవతలి పరికరం నుండి గడువులోగా జవాబు రాలేదని అర్థం. దూరం, అడ్డు, బలహీనమైన ఏంటెనా దీనికి కారణాలు కావచ్చు. 13 అంటే అవతలి పక్షమే బంధాన్ని ముగించింది. 15 అంటే అవతలి పరికరం ఆగిపోతూ ముగించింది. బ్యాటరీని అనుమానించవలసినది ఇక్కడే. 16 అంటే ముగించినది ఫోనే. ఇవన్నీ పదహారు ఆధారంగా రాసే సంఖ్యలు.

ఈ బ్లూటూత్ చిట్టా మామూలుగా పూర్తిస్థాయిలో నమోదు కాదు. దానిని ముందుగా మేల్కొలపాలి. ఫోను వివరాల పుటలో బిల్డ్ నంబరుపై ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో బ్లూటూత్ హెచ్‌సీఐ స్నూప్ లాగ్‌ను ఎంచుకొని, బ్లూటూత్‌ను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. లోపం మళ్ళీ కనిపించేదాకా వాడి, కనిపించిన సమయాన్ని కాగితంపై రాసుకొని, ఫోనును ఆపకుండా వెంటనే అదే చోట ఉన్న బగ్ రిపోర్ట్ ఎంపికను తాకాలి. అన్ని చిట్టాలూ ఒక జిప్ దస్త్రంగా ఫోనులోనే తయారవుతాయి. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు, కాబట్టి అడవిలో తయారు చేసుకొని అచ్చంపేట చేరాక పంపినా నష్టం లేదు. లోపలి బ్లూటూత్ దస్త్రాన్ని వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్టువేరుతో తెరవవచ్చు.

ఇయర్‌ఫోన్లు లోలోపల ఏమి రాసుకున్నాయో మాత్రం ఈ పద్ధతిలో తెలియదు. అది సాధారణంగా తయారీదారు సొంత యాప్‌కు లేదా మరమ్మతు కేంద్రానికే అందుతుంది. కాబట్టి ఫోను చిట్టా ఒక పక్షపు వాఙ్మూలం మాత్రమే.

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లలో

ఇవి స్వయంగా కంప్యూటర్లు. 2019లో వచ్చిన తొలి ఓక్యులస్ క్వెస్ట్ కాలం నుండి ఈ శ్రేణి హెడ్‌సెట్లలో డెవలపర్ మోడ్ ఏర్పరచి, కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఏడీబీ అనే ఉపకరణంతో చిట్టాను తీయవచ్చు. వీటిలో సెకనుకు ఒకసారి పడే ఒక పంక్తి ఎంతో విలువైనది. సెకనుకు ఎన్ని చిత్రాలు గీసింది, సమయానికి అందక పాత చిత్రాన్నే మళ్ళీ ఎన్నిసార్లు చూపింది, ఖాళీ జ్ఞాపకం ఎంత, ఉష్ణోగ్రత ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. సెకనుకు 72 చిత్రాలు చూపవలసిన చోట ఆ సంఖ్య పడిపోతూ, పక్కనే ఉష్ణోగ్రత పెరుగుతూ ఉంటే, ధరించినవారికి తల తిరగడానికి కారణం వేడెక్కడమేనని అనుమానించవచ్చు. కంప్యూటరుకు తగిలించి వాడే హెడ్‌సెట్లకు స్టీమ్‌వీఆర్‌లో సిస్టమ్ రిపోర్ట్ తయారుచేసే ఎంపిక ఉంది.

సమయం చిక్కు

చిట్టా ఎంత వివరంగా ఉన్నా సమయం కుదరకపోతే పనికిరాదు. ఫోను చిట్టా స్థానిక సమయంలో ఉంటుంది, సర్వర్ల చిట్టాలు తరచుగా విశ్వ సమయంలో ఉంటాయి. భారత ప్రామాణిక సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. రాత్రి 8:15కు జరిగినది అక్కడ 14:45గా కనిపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, సమయాన్ని సరిదిద్దే నెట్‌వర్క్ దొరకని పరికరం ఎన్నో ఏళ్ళ నాటి తేదీని వేయడం కూడా కద్దు. అందుచేత వాడుకరి చేతి గడియారం చూసి రాసిచ్చిన ఒక్క సమయం పది పుటల వివరణ కన్నా మేలు.

గోప్యత

బగ్ రిపోర్టులో లోపం వివరాలే కాక స్థాపించిన యాప్‌ల జాబితా, వై-ఫై పేర్లు, ఖాతాల ఈమెయిళ్ళు, కొన్నిసార్లు ప్రదేశ సమాచారం కూడా చేరతాయి. బ్లూటూత్ చిట్టాలో రెండు పరికరాల మధ్యనున్న రహస్య తాళంచెవి సైతం నమోదు కావచ్చు. పంపిన తరువాత ఆ ఎంపికను ఆపి, జత తెంచి మళ్ళీ కలిపితే కొత్త తాళంచెవి ఏర్పడుతుంది.

ఒక యాప్ మరొక యాప్ చిట్టాను చదివే వీలును ఆండ్రాయిడ్ 2012లో 4.1 సంచికతో తొలగించింది. 2022లో వచ్చిన 13వ సంచిక నుండి, పరికరపు చిట్టాలన్నిటినీ చదవదలచిన యాప్‌కు వాడుకరి అనుమతి తప్పనిసరి అయింది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం ప్రకారం సమ్మతి నిర్దిష్ట ప్రయోజనానికే పరిమితం, దానిని వెనక్కు తీసుకునే హక్కు కూడా ఉంది. ఫోనులో రెండు తాకులతో తయారయ్యే ఈ దస్త్రాన్ని అందరికీ కనబడే చోట పెట్టకుండా, సహాయ కేంద్రం ఇచ్చిన ప్రత్యేక లంకె ద్వారా మాత్రమే పంపాలి. పని ముగిశాక తొలగించారా అని వారిని అడగడంలో మొహమాటం అక్కరలేదు.