మంచు కొండలకు మన పిల్లలు: బయలుదేరక ముందే రాసుకోవలసిన మాట

గత సంవత్సరం దసరా సెలవులు ముగిసిన ఆదివారం అది. ఆరాధన అయిపోయి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక మా సంఘ యౌవనస్థులు ఆరుగురు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అని ఒకరినొకరు మోచేతితో పొడుచుకుంటున్నారు. చివరికి వారిలో పెద్దవాడు నోరు విప్పాడు.

"అయ్యగారూ, మేం మంచు కొండలకు వెళ్దామనుకుంటున్నాం. మంచు మీద జారడం నేర్చుకుంటాం. మా ఇళ్ళలో మీరొక మాట చెప్పాలి."

మాకు నవ్వు వచ్చిన మాట వాస్తవమే. ఉద్దానం పిల్లలకు ఇసుక తెలుసు, సముద్రం తెలుసు, కొబ్బరి చెట్టు ఎక్కడం తెలుసు. మంచంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున జీడితోటల మీద కురిసేదే. కాని వాళ్ళు తమాషాకు రాలేదు. ఒకడు పలాసలో జీడిపప్పు కర్మాగారంలో పని చేస్తున్నాడు. ఇద్దరు టెక్కలిలో డిగ్రీ చదువుతున్నారు. ఒకడు సైన్యంలో చేరాలని రోజూ సముద్రపు ఒడ్డున పరుగు తీస్తున్నాడు. ఏడాదిగా అందరూ నెలనెలా కొంత దాచుకున్నారు.

ఆ వారంలోనే ఆరు ఇళ్ళకూ వెళ్ళాము. ఒక తల్లి మమ్మల్ని సూటిగానే అడిగింది: "ఏటండీ అయ్యగారూ, సైన్యంలోకి పోయినోళ్ళు జీతానికి మంచులో ఉంటారు. ఈళ్ళకేటి పని అక్కడ?"

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. ఆమె భయం అర్థం లేనిది కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచుచరియ విరిగిపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికులు మరణించారు. వారిలో మన కర్నూలు జిల్లావాడు కూడా ఉన్నాడు. 2023 ఫిబ్రవరి 1న కాశ్మీరులోని గుల్‌మర్గ్ దగ్గర స్కీయింగ్ చేస్తున్న ఇద్దరు పోలండ్ దేశస్థులు అలాగే చనిపోయారు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లో బదరీనాథ్ అవతల మానా దగ్గర రోడ్డు పని చేసే 54 మంది మంచు కింద చిక్కుకుంటే 46 మందిని బ్రతికించగలిగారు, 8 మంది మరణించారు.

మరి పిల్లలను ఆపడమా, పంపడమా?

మావయ్య చెప్పిన ఉపాయం

మా సంఘంలో సైన్యం నుండి పదవీ విరమణ చేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. పిల్లలందరికీ ఆయన మావయ్యే. ఉద్యోగంలో ఉండగా గుల్‌మర్గ్‌లోని సైనిక పాఠశాలలో శిక్షణ పొందారు. 1948లో స్కీయింగ్ నేర్పే బడిగా మొదలైన ఆ సంస్థే నేడు ఎత్తైన కొండల మీద యుద్ధం చేయడం నేర్పే పెద్ద పాఠశాల అయింది. కాళ్ళకు రెండు పొడవాటి పలకలు బిగించుకొని, చేతికర్రల ఊతతో మంచు మీద సాగిపోవడమే స్కీయింగ్. అక్కడి సైనికులకు అది ఆట కాదు, నడక.

ఆయన ఇలా అన్నారు: "పిల్లలను ఆపకండి పాస్టరుగారూ. వాళ్ళ చేత ఒక కాగితం రాయించండి. ఎక్కడికి పోతారో ఎవరైనా రాస్తారు. ఎక్కడ వెనక్కు తిరుగుతారో, ఏ గంటకు తిరుగుతారో, ఏ గుర్తు చూసి తిరుగుతారో అది రాయించండి. కొండ మీద చలి వేస్తున్నప్పుడు, శిఖరం ఎదురుగా కనబడుతున్నప్పుడు మనిషికి బుద్ధి సరిగా పని చేయదు. ఆ బుద్ధి ఇంటి దగ్గరే ఉపయోగించాలి."

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకొంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ లెక్కలో వెనుదిరిగే చోటు కూడా ఉండాలని మాకు ఆ రోజే తోచింది.

ముందు మన కొండ

మంచు కొండకు ముందు మన కొండ ఎక్కి చూపించమన్నారు మావయ్య. మందస వైపు నుండి చూస్తే ఆకాశానికి ఆనుకొని కనబడే మహేంద్రగిరి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1501 మీటర్లు. అక్కడ పుట్టిన మహేంద్రతనయ నదే మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

మన కొండ కదా అని చులకన చేయరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటింది. మన కొబ్బరి, జీడితోటలు నేలకూలిన సంగతి ఎవరూ మరువలేదు. అదే తుఫాను వానకు గజపతి జిల్లా బరఘరా గ్రామం దగ్గర కొండచరియ విరిగిపడి, తలదాచుకున్న చోటే పదిమందికి పైగా మరణించారు. ఉత్తరాన మంచు విరిగిపడుతుంది, మన దగ్గర మట్టి విరిగిపడుతుంది. కారణం ఒక్కటే. వాలు మీద మోయలేనంత బరువు చేరడమే.

నవంబరులో ఒక రోజు తెల్లవారక ముందే బయలుదేరాము. ఆరుగురు పిల్లలు, మావయ్య, మేము, దారి తెలిసిన ఒక సవర పెద్ద. మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడ ఉన్నా వెనక్కు తిరగాలని కాగితంలో రాసుకున్నాము.

పన్నెండు అయ్యేసరికి ఇంకొక గంట నడిస్తే శిఖరం. అంతలో పొగమంచు కమ్మింది. "ఇంత దూరం వచ్చి తిరిగిపోవడమేమిటి" అన్నాడు చిన్నవాడు. నిజం ఒప్పుకోవాలంటే ముందుకు పోదామన్నవారిలో మేమూ ఉన్నాము. పెద్దవాడు మాత్రం జేబులోని కాగితం తీసి, "రాసినది మనమే కదా అయ్యగారూ" అన్నాడు. మావయ్య ఏమీ అనకుండా వెనక్కు తిరిగి నడక మొదలుపెట్టారు.

మూడు గంటలకు వాన పట్టుకుంది. ఉదయం పాదాలు మాత్రమే తడిసిన వాగు, మేము తిరిగి వచ్చేసరికి మోకాలి లోతు పారుతోంది. చేతులు పట్టుకొని దాటాము. శిఖరం చూసి వచ్చి ఉంటే దాటగలిగేవారము కాము. ఆ రాత్రి ఇంటికి చేరాక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సగం జవాబు మాకు దొరికింది.

రక్త పరీక్ష

రెండవ షరతు వైద్య పరీక్ష. ఎక్కడివారైనా ఎత్తైన కొండలకు పోయే ముందు గుండె, ఊపిరితిత్తులు చూపించుకుంటారు. మన ఉద్దానంవారు దానితో పాటు మూత్రపిండాల పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి. మన ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. అది మొదట నొప్పి లేకుండా, గుర్తు తెలియకుండా వస్తుంది. చలిలో దాహం వేయదు కనుక కొండ మీద మనిషి నీళ్ళు తక్కువ తాగుతాడు. ఒళ్ళు నొప్పులకు మాత్రలు మింగుతాడు. ఆ రెండూ మూత్రపిండాలకు చేటు. ఎత్తు వలన వచ్చే జబ్బుకు వాడే మందులు కొన్ని కిడ్నీ జబ్బు ముదిరినవారికి పనికిరావు. కాబట్టి డాక్టరును అడగకుండా ఏ మాత్రా మింగరాదు.

ఆరుగురూ సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నారు. ఐదుగురికి బాగానే ఉంది. పెద్దవాడికి ఎక్కువగా ఉంది. రెండోసారి చేయించినా ఎక్కువే వచ్చింది.

ఆ సాయంత్రం వాడు మా ఇంటి అరుగు మీద చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. వయస్సు ఇరవై ఆరు. తండ్రి డయాలసిస్ మీద ఉండి పోవడం కళ్ళారా చూసినవాడు. మాకు ఓదార్చే మాట దొరకలేదు. చివరికి వాడే అన్నాడు: "ఇది కూడా వెనక్కి తిరగమనే గుర్తే కదా అయ్యగారూ. నాకు ఇంటి దగ్గరే కనిపించింది."

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనాక మన ప్రాంతం వారికి దూరాభారం కొంత తగ్గింది. జబ్బు తొలి దశలోనే దొరికిందనీ, రక్తపోటు అదుపులో పెట్టుకొని, నొప్పి మాత్రలు మానేసి, క్రమంగా చూపించుకుంటే చాలాకాలం నిలబెట్టుకోవచ్చనీ వైద్యులు వాడికి చెప్పారు. ఈ ప్రయాణపు తలంపే లేకపోతే వాడు ఆ పరీక్ష చేయించుకొనేవాడు కాడు.

మంచు గురించి తెలుసుకున్నవి

మిగిలిన ఐదుగురూ ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా ఔలీని ఎంచుకున్నారు. కొత్తవారికి అక్కడ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ శీతకాలంలో స్కీయింగ్ శిక్షణ ఇస్తుంది. విశాఖపట్నం నుండి ఢిల్లీకి, అక్కడి నుండి హరిద్వార్‌కు రైలు. తరువాత దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగల మీదుగా జోషీమఠ్‌కు కొండదారి. 2023 జనవరిలో భూమి కుంగి ఇళ్ళు బీటలు వారిన ఊరు అదే. ఔలీకి పైకి పోయే రోప్‌వే అప్పుడే ఆగిపోయింది కనుక రోడ్డు మీద పోవాలని రాసుకున్నారు. శిక్షణ పూర్తి అయ్యాక, గురువు ఒప్పుకుంటే, పైన ఉన్న గోర్సన్ అనే కొండ మైదానానికి స్కీల మీద వెళ్ళి రావాలన్నది వారి ఆశ.

మావయ్య వారిచేత కాగితం మీద ఇవి రాయించారు:

ఒకటి, ఎత్తు. 2500 మీటర్లు దాటితే కొండ జబ్బు రావచ్చు. 3000 మీటర్ల ఎత్తున మన సముద్రపు ఒడ్డున దొరికే ప్రాణవాయువులో పదింట ఏడు పాళ్ళే దొరుకుతుంది. తలనొప్పి, వాంతి వస్తే ఇంకా పైకి పోరాదు. తగ్గకపోతే, మాట తడబడితే, అడుగు తూలితే వెంటనే కిందికి దిగాలి.

రెండు, వాలు. 30 నుండి 45 డిగ్రీల వాలు మీద మంచుచరియలు ఎక్కువగా విరుగుతాయి. కొత్త మంచు పడినప్పుడూ, గాలి మంచును తెచ్చి ఒకచోట పోసినప్పుడూ, ఉన్నట్టుండి ఎండ కాసినప్పుడూ అపాయం పెరుగుతుంది. ఎక్కువ ప్రమాదాలలో చరియను కదిపేది చిక్కుకున్నవారే, లేదా వారి తోటివారే.

మూడు, హెచ్చరిక. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేస్తే మన మత్స్యకారులు పడవ దించరు. మంచు కొండలకూ అటువంటి సూచికలు ఉన్నాయి. చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డి.జి.ఆర్.ఇ. మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. అవి చూడకుండా కదలరాదు.

నాలుగు, సామాను. శిక్షణ వాలులు దాటి పోయే ప్రతివాని దగ్గరా మూడు వస్తువులు ఉండాలి. మంచు కింద పడినా జాడ తెలిపే బీకన్ అనే చిన్న రేడియో యంత్రం, మంచులోకి గుచ్చి వెదికే మడత కడ్డీ, తవ్వే పార. కూరుకుపోయినవారిని మొదటి పది పదిహేను నిమిషాలలో బయటికి తీస్తే చాలామంది బ్రతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. దూరం నుండి సహాయం వచ్చేలోగా కాలం మించిపోతుంది గనుక పక్కనున్న స్నేహితుడే రక్షించాలి. ఆ సామాను కొనడం కాదు, వాడడం నేర్చుకోవాలి.

ఐదు, ఇంటి దగ్గర ఒక మనిషి. దారి, బస, గురువు ఫోను నంబరు, తిరిగి వచ్చే గంట అన్నీ రాసిన రెండో ప్రతి అతని దగ్గర ఉండాలి. రోజూ సాయంత్రం 5 గంటలకు ఫోను రావాలి. రాకపోతే ఎవరికి చెప్పాలో అతనికి తెలిసి ఉండాలి.

ఆ రెండో ప్రతిని ఎవరికి ఇవ్వాలో మేము ఆలోచించవలసిన పని లేకపోయింది. పెద్దవాడే చేయి చాచి తీసుకున్నాడు.

సాయంత్రం ఐదు గంటలు

జనవరి చివరిలో ఐదుగురూ వెళ్ళారు. ఇక్కడ వాడు ప్రతి సాయంత్రం కాగితం ముందు పెట్టుకొని కూర్చునేవాడు. ఫోను రాగానే గంట రాసుకొని ఐదు ఇళ్ళకూ సైకిలు మీద వెళ్ళి చెప్పి వచ్చేవాడు. మొదటి రోజులలో పడిపోవడమే సరిపోయిందట. నాలుగో రోజుకు నిలబడ్డారట. తరువాత రెండు రోజులు ఎడతెగకుండా మంచు కురిసింది.

గోర్సన్‌కు వెళ్ళవలసిన రోజున ఫోను 5 గంటలకు రాలేదు. ఐదుంపావు అయింది. వాడి చేయి వణకడం మేము చూశాము. ఐదూ ఇరవైకి మోగింది. చిన్నవాడి గొంతు: "అన్నా, మేం గోర్సన్‌కి పోలేదు. కొత్త మంచు బాగా పడింది. ఎండ కాసింది. కాగితంలో రాసుకున్న గుర్తే. గురువుగారు చెప్పకముందే మేమే మానుకున్నాం. సిగ్నలు లేక ఫోను ఆలస్యమైంది."

మహేంద్రగిరి మీద ముందుకు పోదామని మారాం చేసినవాడు వాడే.

వాళ్ళు క్షేమంగా వచ్చారు. ముఖాలు ఎండకు నల్లబడ్డాయి, పెదవులు పగిలాయి. ఆ తల్లి కొడుకును చూసి, "మంచు మీద జారినావేటిరా?" అని అడిగింది. "జారడం కొంచెం వచ్చిందమ్మా, ఆగడం బాగా వచ్చింది" అన్నాడు వాడు.

2014 మే 25న పదమూడేళ్ళ మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకు ముందు భువనగిరి బండ మీద, డార్జిలింగులో, లడఖ్ చలిలో నెలల తరబడి చేసిన సాధన కొద్దిమందికే గుర్తుంటుంది. కోరిక పుట్టిన రోజునే ఆమెను ఎవరూ శిఖరం మీదకు తోయలేదు.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లలు మంచు కొండకే పోనక్కరలేదు. చేపల వేటకు పోవచ్చు, పనికోసం దూర రాష్ట్రానికి పోవచ్చు, అప్పు తెచ్చి వ్యాపారం పెట్టవచ్చు. వద్దని కసిరితే చెప్పకుండా పోతారు. సరేనని వదిలేస్తే గుడ్డిగా పోతారు. పక్కన కూర్చోబెట్టుకొని, ఎక్కడ వెనక్కు తిరుగుతావో రాయి నాయనా అని కాగితం చేతికివ్వండి. రెండో ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

మా సంఘపు పెద్దవాడు ప్రతి మూడు నెలలకూ పలాసలో పరీక్ష చేయించుకుంటున్నాడు. ఆ తేదీలు రాసిన కాగితం రెండో ప్రతి మా బల్ల సొరుగులో ఉంది.