జీడితోటలో ఎలుగు

ఫాల్గుణం వచ్చేసరికి ఉద్దానంలో జీడిపండ్లు ముగ్గుతాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎటు చూసినా తోటలే. జీడి, కొబ్బరి, పనస. రాత్రి రాలిన జీడిపిక్కలు ఏరడానికి ఆడవాళ్లు తెల్లవారకముందే బయలుదేరతారు. ఎండెక్కితే ఒంగుని ఏరడం కష్టం. ఆలస్యమైతే ఇంకొకరు ఏరుకుపోతారు.

"ఒక్కర్తివీ ఎల్లకే అమ్మీ, ఎలుగుంది" అంటుంది అత్త.

"మరి పిక్కలు ఎవులు ఏరతారత్తా?" అంటుంది కోడలు.

ఇద్దరి మాటా నిజమే. ఆ వేళకే, ఆ తోటకే, ఆ చెట్టు కిందకే ఎలుగుబంటి కూడా వస్తుంది. మనిషికి పిక్క కావాలి. ఎలుగుకు పండు కావాలి. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఎదురుపడితేనే ప్రమాదం.

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి వేరు. చెదలు, చీమలు, తేనె, నేరేడుపళ్లు, ఈతపళ్లు, పనసపండు. అన్నిటికన్నా చెదలంటే ప్రాణం. పొడవాటి గోళ్లతో పుట్టను తవ్వుతుంది. మూతి లోపల పెట్టి గట్టిగా ఊదుతుంది. మట్టి ఎగిరిపోతుంది. తర్వాత చెదలను జుర్రున పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. దాని పై దవడకు ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచే చెదలు లోపలికి పోతాయి. ఈ జుర్రుమనే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. తోటలో అలాంటి చప్పుడు వింటే అటు వెళ్లకూడదు.

పళ్లు తిన్న ఎలుగు గింజలను అడవంతా చల్లుతుంది. అది తిరిగిన చోట నేరేడు మొక్క, రేల మొక్క లేస్తాయి. కూలి అడగని కూలీ అది!

దాని ముక్కు చాలా చురుకు. చూపు మాత్రం అంతంత మాత్రమే. తిండిలో పడిందంటే పక్కన ఏముందో పట్టించుకోదు. మనిషి దగ్గరికి వచ్చేదాకా చూసుకోదు. హఠాత్తుగా చూసిందంటే బెదిరిపోతుంది. పులి ఉండే అడవుల్లో పుట్టి పెరిగిన జాతి అది. పారిపోవడం కన్నా ముందు మీద పడడమే దానికి అలవాటు. వెనక కాళ్ల మీద లేచి మొహం మీద, తల మీద కొడుతుంది. అందుకే ఎలుగు చేతిలో గాయపడిన వాళ్లకు ఎక్కువగా తలకే దెబ్బలు ఉంటాయి.

పిల్లల తల్లి అయితే మరీ ప్రమాదం. ఒక ఈతలో ఒకటో రెండో పిల్లలు పుడతాయి. తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. ప్రపంచంలో ఎనిమిది రకాల ఎలుగులు ఉన్నాయి. పిల్లలను ఇలా అలవాటుగా మోసుకు తిరిగేది ఈ రకం ఎలుగు ఒక్కటే. పిల్లలు తల్లి వీపు మీది జూలు గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. రెండేళ్ల దాకా తల్లి వెంటే ఉంటాయి. చంకలో బిడ్డతో పనికి వెళ్లే తల్లికి ఆ ఎలుగు కోపం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

వెనకటి రోజుల్లో ఎలుగును ఆడించేవాళ్లు ఊళ్లోకి వచ్చేవారు. భయం పోతుందని పిల్లలను దాని మీద ఎక్కించేవారు. వెంట్రుకలు తాయెత్తులో పెట్టి కట్టేవారు. జాంబవంతుడి జాతి అని దండం పెట్టేవారు. పాపం, ఆ ఎలుగు మూతికి బెజ్జం చేసి తాడు వేసేవారు. పళ్లు పీకేసేవారు. ఆ ఆట చట్టం ప్రకారం నేరం. 2009 నాటికి మన దేశంలో అది దాదాపు ముగిసిపోయింది.

మరి అడవి జంతువు తోటలోకి ఎందుకు వచ్చింది? ఉద్దానానికి పడమట మందస కొండలు, మహేంద్రగిరి ఉన్నాయి. మధ్యలో చిన్న చిన్న గుట్టలు, పొదలు. ఎలుగు పగలు రాతి సందుల్లోనో పొదల్లోనో పడుకుంటుంది. చీకటి పడ్డాక తిండికి దిగుతుంది. కొండల మీద చెట్టూ పుట్టా తగ్గాయి. టెక్కలి వైపు కొండల్లో నీలిరాయి కోసం క్వారీలు తవ్వారు. కింద చూస్తే పనసపండు వాసన! కడుపు మాడేవాడికి ఏ దారి కనిపిస్తే ఆ దారి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలిపోయాయి. ఆ ఏడు మనిషికీ కడుపు మండింది, ఎలుగుకూ మండింది.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో తోటకు వెళ్లిన మనిషిని ఎలుగు చంపేసింది. మర్నాడు మరికొందరిని గాయపరిచింది. అటవీశాఖ వాళ్లు మత్తుసూది వేసి పట్టుకున్నారు. విశాఖ జూకు తీసుకువెళ్తుండగా అది చచ్చిపోయింది. అటు ఒక ఇల్లు కూలింది, ఇటు ఒక జీవి పోయింది.

ఎలుగు ఊళ్లోకి వచ్చిందంటే జనం మూగుతారు. కేకలు, కర్రలు, రాళ్లు. ఇప్పుడు సెల్‌ఫోన్లు కూడా. చుట్టుముడితే దానికి పోయే దారి ఉండదు. దారి లేనప్పుడే అది మీద పడుతుంది. వెంటనే పిల్లలను ఇంట్లో పెట్టి, అటవీశాఖకు కబురు చేసి, దానికి దారి వదలాలి. ఎలుగును చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పెద్ద నేరం.

తోటకు వెళ్లడం మానలేం. వెళ్లే పద్ధతి మార్చుకోవచ్చు. కాస్త వెలుగు వచ్చాక నలుగురూ కలిసి వెళ్లాలి. మాట్లాడుకుంటూ, పాడుకుంటూ నడవాలి. చప్పుడు వింటే ఎలుగు ముందే తప్పుకుంటుంది. కొన్నిచోట్ల కర్రకు గజ్జెలు కట్టుకుని వెళ్తున్నారు. చీకట్లో బహిర్భూమికి వెళ్లేటప్పుడు టార్చి, తోడు ఉండాలి. పండిన పనసకాయను ఇంటి దగ్గర చెట్టుకే వదలకూడదు. తొక్కలు వాకిట్లో పారేయకూడదు.

ఎదురుపడితే పరుగెత్తకూడదు. పరుగులో దాన్ని గెలవలేం. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. దాని మీద చూపు ఉంచి మెల్లగా వెనక్కి నడవాలి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకుని, మొహం నేలకు ఆనించాలి. అది వెళ్లిపోయేదాకా కదలకూడదు.

రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయాలి. గీతలు, చిన్న గాట్లు అయితే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టకూడదు. కుక్క కరిచినప్పుడు వేసే సూదులు దీనికీ వేయించుకోవాలి.

గాయపడ్డవాళ్లకు, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. చాలామంది తెలియక అడగరు. అటవీశాఖ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. పేరు, ఊరు, మండలం, ఏ రోజు, ఏ వేళ, ఏ తోటలో జరిగిందో రాయాలి. చూసినవాళ్ల పేర్లు రాయాలి. ఆసుపత్రి చీటీలు జతచేయాలి. అందినట్టు సంతకం పెట్టించుకుని, నకలు ఒకటి ఇంట్లో దాచుకోవాలి.