ఫైల్ మారింది, బిల్డ్ మారలేదు! పైథాన్‌తో ఎస్‌కాన్స్

ఇవాళ్టి టాపిక్ బిల్డ్. అంటే మనం రాసిన కోడ్‌ను మెషిన్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని.

ముందు నా తప్పు చెప్తా. వీడియోలు మొదలుపెట్టకముందు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ లేబుల్ మెషిన్‌కు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. ఎక్స్‌పైరీ తేదీ తప్పు పడుతోందని మా సీనియర్ అన్న పొద్దున 11 గంటలకు సైట్‌లోనే ఒక ఫైల్ సరిచేశాడు. అది తెలియక నేను 3 గంటలకు ఆఫీసులో పాత కోడ్‌తో బిల్డ్ చేశా. సాయంత్రం అన్న పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఫైల్ కాపీ చేసి మేక్ కమాండ్ కొట్టా. "అప్ టు డేట్" అని వచ్చింది. సరే అని పంపేశా. నైట్ షిఫ్ట్‌లో మళ్లీ అదే తప్పు తేదీ! లైన్ ఆపి, అంటించిన లేబుళ్లన్నీ పీకాల్సొచ్చింది.

ఎందుకలా అయింది? మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. అది మామూలుగా చూసేది ఫైళ్ల టైమ్. సోర్స్ ఫైల్ టైమ్ బిల్డ్ కన్నా కొత్తదైతేనే మళ్లీ కంపైల్ చేస్తుంది. విండోస్‌లో ఫైల్ కాపీ చేస్తే పాత మార్పు టైమే ఉంటుంది. సోర్స్ 11 గంటలది, బిల్డ్ 3 గంటలది. ఇంకేముంది, పని లేదనుకుంది.

ఇక్కడే ఎస్‌కాన్స్ పనికొస్తుంది. 2000లో సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పోటీలో గెలిచిన స్టీవెన్ నైట్ డిజైన్ నుంచి వచ్చిన టూల్ ఇది. టైమ్‌ను నమ్మదు. ఫైల్ లోపలున్నదాన్ని చదివి, హాష్ అనే వేలిముద్ర తీసి, పాతదానితో పోలుస్తుంది. ఒక్క అక్షరం మారినా దొరికిపోతుంది. కంపైలర్ ఆప్షన్ మార్చినా మళ్లీ బిల్డ్ చేస్తుంది.

ఇంకో లాభం ఏంటంటే, దీని బిల్డ్ ఫైల్ పైథాన్ స్క్రిప్టే. ఐదు మెషిన్లకు ఐదు సెట్టింగులున్నాయా? ఒక ఫర్ లూప్ రాస్తే చాలు. పిప్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది.

నష్టం లేదా అంటే ఉంది. ఫైళ్లన్నీ చదవాలి కాబట్టి పెద్ద ప్రాజెక్టుల్లో స్లో.

"అన్నా, పాత బిల్డ్ డిలీట్ చేసి మొదటి నుంచి చేస్తే సరిపోయేది కదా" అంటారు. కరెక్టే. కానీ అది నాకు గుర్తుండాలి. రోజంతా పనిచేసి అలిసిపోయాక గుర్తుండదు, ఆ రోజు నాకు గుర్తులేదు. గుర్తుపెట్టుకునే పని స్క్రిప్ట్‌కు ఇచ్చేయండి. మళ్లీ కలుద్దాం, బై!