సూర్యశక్తియు మన వృత్తులును

మన సీమకు వాన కొఱత గలదు గాని ఎండ కొఱత లేదు. అనంతపురపు పీఠభూమిపై సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య వర్షములును చాలినంతగా చేరవు. ఏ యెండ మన వేరుసెనగ చేలను మాడ్చి మనవారిని బెంగుళూరు కూలిపనులకు పంపుచు వచ్చెనో, ఆ యెండచేతనే నేడు పిండిమరను త్రిప్పవచ్చును, కుట్టుమిషనును నడుపవచ్చును. కంపెనీ తీగను మాత్రమే నమ్మక సూర్యశక్తిని ఆశ్రయించు వర్తకులు దేశమంతట హెచ్చుచున్నారు. దీని కారణములను, లాభములను, ఇందు వహింపవలసిన జాగ్రత్తలను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

విద్యుచ్ఛక్తి మన చుట్టుపట్లకు వచ్చినది వృత్తుల కొఱకే. 1902వ సంవత్సరమున కావేరిపై శివసముద్రమునుండి కోలారు బంగారు గనులకు తీగలు వేయబడెను. కట్టెలు, బొగ్గు, ఆవిరి యంత్రములు అను బాధనుండి గనులకు విముక్తి కలిగెను. తీగపై వచ్చు శక్తి నమ్మదగినదై యున్నంత కాలము ఎవ్వరును వేఱు దారి వెదకరు. ఆ నమ్మకము సడలినప్పుడే చిక్కు పుట్టును. 2012వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో పరిశ్రమలకు వారములో కొన్ని దినములు విద్యుత్తు సెలవు విధింపబడెను. మరల 2022 ఏప్రిలులో, ఎండలు ముదిరి బొగ్గు చాలని తరుణమున, వారపు సెలవుగాక మఱియొక దినము మిల్లులను మూయవలసివచ్చెను. ఎడతెగక నడుచు కర్మాగారములు తమ వాడుకలో సగమునకే తృప్తిపడవలెనని ఆజ్ఞ యయ్యెను. పల్లెలలో ఇంకొక కీడు గలదు. తీగ దూరము సాగినకొలదియు, బోరుబావుల మోటార్ల భారము ట్రాన్స్‌ఫార్మరుపై పెరిగినకొలదియు, చివరనున్నవారికి ఓల్టేజి తగ్గును. తగ్గిన ఓల్టేజితో నడిచిన మోటారు వేడెక్కి కాలిపోవును.

ఒక గంట కరెంటు పోయిన నష్టమెంతయని కొందఱు అడుగుదురు. పాల కేంద్రములో పాలు విఱుగును. ధర్మవరపు మరమగ్గము ఆగినచో నేతగాని దినకూలియు ఆగును. పిండిమర యొద్ద గంపలతో వచ్చిన స్త్రీలు సగము దినము కాచి వెనుదిరుగుదురు. మన బత్తలపల్లెలోని ఆర్.డి.టి. ఆసుపత్రివంటి చోట నిమిషమైనను దీపము ఆరరాదు. డీజిలు జనరేటరుతో ఈ లోటు తీర్చుకొందమన్నచో, చిన్న యంత్రము లీటరు డీజిలునకు సుమారు 3 యూనిట్లు మాత్రమే ఇచ్చును. డీజిలు లీటరు 90 రూపాయలను మించినది. కావున యూనిటు 30 రూపాయలకు తక్కువ పడదు. ఆ ధరతో జొన్నలు విసరి లాభము పొందుట కష్టము.

ఇక సూర్యఫలకము పనిచేయు విధమును చెప్పుదము. వెలుతురు సోకిన కొన్ని పదార్థములలో విద్యుత్ప్రవాహము పుట్టునని ఫ్రాన్సు దేశీయుడైన బెకరెల్ 1839లో కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో సౌరఘటమును చేసిరి. దానిపై పడిన వెలుతురులో సుమారు నూటికి 6 వంతులు విద్యుత్తుగా మారెను. నేటి ఫలకములలో ఇది 20 వంతులను దాటినది. సిలికాను ఇసుకనుండి తీయబడు మూలపదార్థము. దానిపై కాంతి పడినప్పుడు లోనున్న ఎలక్ట్రానులు కదలి ఒక వైపునకు ప్రవహించును. ఆ ప్రవాహమును మన యంత్రములకు తగినట్లు మార్చునదియే ఇన్వర్టరు.

ఒక లెక్క వేయుదము. 5 హార్సుపవరు మోటారు గల పిండిమర సుమారు 3.7 కిలోవాట్ల శక్తిని గ్రహించును. దినమునకు 4 గంటలు నడిచిన 15 యూనిట్లు ఖర్చగును. మన దేశపు ఎండలో ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సగటున 4 యూనిట్లిచ్చును. వాటికి సుమారు 100 చదరపు అడుగుల స్థలము కావలెను. కావున 500 చదరపు అడుగుల మిద్దెపై 5 కిలోవాట్ల ఫలకములు నిలిపినచో దినమునకు 20 యూనిట్లు వచ్చును. మరకు చాలి కొంత మిగులును. ఆ మిగులును తీగలోనికి పంపి, రెండు వైపుల లెక్కించు మీటరుద్వారా బిల్లులో తగ్గించుకొను పద్ధతియు గలదు.

ఇచ్చట పలువురు పొరబడు సంగతిని స్పష్టముగా చెప్పవలెను. తీగతో కలిపి బిగించిన సామాన్య సౌరయంత్రము, తీగలో కరెంటు పోయిన తక్షణమే తానును నిలిచిపోవును, ఎండ యెంత కాయుచున్నను సరే. ఏలయన, కరెంటు లేదని నమ్మి లైనుమాను స్తంభమెక్కినప్పుడు మన కప్పునుండి వెళ్లిన ప్రవాహము అతని ప్రాణము తీయవచ్చును. ఆ అపాయమును తప్పించుటకే ఈ యేర్పాటు. కాబట్టి బిల్లు తగ్గించుకొనుటయే కోరిక యైనచో ఈ యంత్రము చాలును. కోతవేళలోను పని నడువవలెనన్నచో బ్యాటరీలు గల హైబ్రిడ్ ఇన్వర్టరు కావలెను. ఈ భేదము నెఱుగక డబ్బు పెట్టినవాడు మొదటి కోతనాడే ఆశాభంగము పొందును.

మఱి కొన్ని జాగ్రత్తలు గలవు. మోటారు తిరుగనారంభించు క్షణమున మామూలుకంటె అయిదాఱు రెట్లు కరెంటు లాగును. దానిని తగ్గించు సాధనము లేనిచో చిన్న ఇన్వర్టరు ఆగిపోవును. ఫలకమునకు వెలుతురు కావలెను గాని వేడి హితము కాదు. 25 డిగ్రీలు దాటిన పిమ్మట ప్రతి డిగ్రీకి శక్తి నూటికి సుమారు 0.4 వంతు తగ్గును. మే మాసపు మధ్యాహ్నమున ఫలకము 60 డిగ్రీలకు కాగినచో నూటికి 14 వంతులు పోవును. అందుచే మిద్దెకును ఫలకములకును నడుమ గాలి ఆడునట్లు ఎత్తు ఉంచవలెను. ముఖము దక్షిణమునకు, వాలు సుమారు 14 డిగ్రీలు ఉండుట మనకు తగును. వేపకొమ్మ నీడ ఒక ఫలకముపై పడినను దానితో కలిపిన వరుస కంతకును శక్తి తగ్గవచ్చును. మన యెఱ్ఱదుమ్మును తఱచుగా తుడువవలెను. నీరు దొరకని చోట వేకువనే మంచు తడి యున్నప్పుడు మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకపు సహాయము నివాసగృహములకే గాని అంగళ్లకు వర్తింపదని కూడ వర్తకులు గమనింపవలెను.

ఈ మార్పు మన దేశమునకే పరిమితము కాదు. కొచ్చి విమానాశ్రయము 2015 ఆగస్టునుండి సూర్యశక్తితో నడుచుచున్నది. కరెంటు ధరలకును కోతలకును విసిగిన పాకిస్థాను ప్రజలకై 2024 ఒక్క యేటనే సుమారు 17,000 మెగావాట్ల ఫలకములు దిగుమతి యయ్యెను. మన జిల్లాలోని నంబులపూలకుంటలో 2016లోనే 250 మెగావాట్ల సౌరకేంద్రము వెలసినది. అచ్చటి శక్తి దేశపు పెద్ద తీగలలోనికి పోవును. అంగడి కప్పుపైని శక్తి అంగడివానికే ముందుగా ఉపయోగపడును.

అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. తీగ ఊరుమ్మడి బావి వంటిది. కలిగినవారు తమ పెరటిలో వేఱు బావి త్రవ్వుకొని ఉమ్మడి బావిని మఱచినచో, దాని పూడిక తీయు ఖర్చు బీదలమీద పడును. బిల్లు చెల్లించు పెద్ద వర్తకులు తొలగినకొలదియు తీగల పోషణభారము చిన్న యిండ్లవారిపై హెచ్చును. రేకుల కొట్టములో కుట్టుమిషను పెట్టుకొన్న విధవకు ఫలకములు నిలుప మిద్దె యెక్కడిది? కావున పదిమంది చిన్న వృత్తులవారు సంఘముగా కూడి, ఒక కప్పుపై ఫలకములు నిలిపి పంచుకొనుట, పొదుపు సంఘముల ద్వారా అప్పు సంపాదించుట ఆలోచింపదగిన మార్గములు. మా విద్యార్థులలో కొందఱైనను ఈ యంత్రములను బిగించుటయు బాగుచేయుటయు నేర్చినచో, కూలికై ఊరు విడువవలసిన అవసరము వారికి తగ్గును. ఎండ అందఱి కప్పులమీదను సమముగా కాయుచున్నది. దాని ఫలమును సమముగా పంచుట మన చేతిలోని పని.