బడీ ఇంట్లోనే, ఆఫీసూ ఇంట్లోనే!

2020 మార్చి 18న న్యూజెర్సీలో బళ్లు మూతపడ్డాయి. ఎడిసన్‌లో మనవాళ్ల ఇళ్లే ఆఫీసులూ, బళ్లూ అయిపోయాయి. మా డైనింగ్ టేబుల్‌కి ఓ పక్క ఆఫీసు కాల్, మరో పక్క మూడో క్లాసు లెక్కలు. ఎనిమిదింటికల్లా స్కూలు బస్సెక్కే మావాడు క్లాసుకి ఐదు నిమిషాల ముందు లేచేవాడు. పైజమా కెమెరాకి కనపడదు కదా! పైకి నవ్వుకున్నా లోపల గుబులే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులే గడువు. అందుకే రాత్రి పదయినా ల్యాప్‌టాప్ మూయబుద్ధయ్యేది కాదు. చూసిపోదామని వచ్చిన అమ్మ, మార్చి 22 నుంచి భారత్ అంతర్జాతీయ విమానాలు ఆపేయడంతో మాతోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు వాణ్ని కూర్చోబెట్టి తెలుగులో ఎక్కాలు చెప్పించింది. ఆ విద్యాసంవత్సరానికి ఇక బళ్లు తెరవరని మే 4న గవర్నర్ ఫిల్ మర్ఫీ ప్రకటించేనాటికి వాడికి పన్నెండో ఎక్కం వచ్చేసింది.