క్రొత్త ట్రక్కునకు బరువు ఎప్పుడు తగిలింపవలయును?

కాడికి క్రొత్తయైన కోడెను రైతు తొలినాడే నిండుబండికి కట్టడు. క్రొత్త ట్రక్కునకును ఈ నియమమే వర్తించును. అమెరికాలో ట్రక్కుల వెనుక పడవలను, సామానుబండ్లను తగిలించి లాగింతురు. ట్రక్కు 1,600 కిలోమీటర్లు నడచువరకు ఏ బండిని తగిలింపరాదని ఫోర్డు ఎఫ్-150 చేతిపుస్తకము చెప్పుచున్నది. షెవ్రొలే సంస్థ పెట్టిన హద్దు 800 కిలోమీటర్లు.

నేటి యంత్రభాగములు మిక్కిలి నునుపుగా తయారగుచుండగా ఈ నిరీక్షణ యేల యని కొందరందురు. ఎంత నునుపైనను పిస్టను రింగులు సిలిండరు గోడలతో ఒరసికొనియే చక్కగా అమరును. ఇరుసులోని పండ్లచక్రములును అట్టివే. ముందే పెనుబరువు పడినచో అవి మిక్కిలి వేడెక్కి చెడిపోవచ్చును. క్రొత్త బ్రేకులు సైతము కొంత ఒరసినగాని పూర్తిగా పట్టవు. వెనుక బరువున్నపుడు అది ప్రాణాపాయము.

కావున తొలిదినముల ఓర్పు యంత్రమునకు ఆయువు, నడపువానికి రక్ష.